జానకు వందేళ్లు, అంగుళానికి ఏడాది: నాన్న కాలపట్టీ పని డైరీ

ఉగాది అయిన వారం

అటక మీది నుంచి నాన్న గుడ్డచుట్ట దించాం. అది అక్కడుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ ఎవరికీ ముట్టుకోబుద్ధి కాలేదు, అంతే. ఆషాఢంలో నాన్న సంవత్సరీకం. ఆ లోపు దాన్ని బాగుచేయడమో, కుదరకపోతే కొత్త గుడ్డ మీద మళ్లీ రాయడమో చేయాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు కాబట్టి అతని వంతు ఆదివారాలు. మిగతా రోజులు నావీ అమ్మవీ.

చూడనివాళ్ల కోసం ఆ చుట్ట సంగతి. నాన్న జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ సారు. సర్వీసంతా నల్లగొండ చుట్టుపక్కలే. సోషల్ అంటే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ చెప్పాలి. ఆయన మాత్రం అన్నిట్నీ చరిత్రగానే చెప్పేవాడు. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందన్న ముక్క చెప్పడానికి 1908 హైదరాబాద్ వరద నుంచి ఎత్తుకునేవాడు. బోర్డు మీద ఎన్ని గీతలు గీసినా పిల్లలకు కాలం దూరం తెలియడం లేదని, ఎనభైల్లో ఒక వేసవి సెలవుల్లో కోరాగుడ్డ కొనుక్కొచ్చి ఈ పట్టీ చేశాడు. పై వరుస చరిత్రది: జానకు వందేళ్లు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల దగ్గర మొదలై మన కాలం దాకా వస్తుంది.

కింద ఇంకో పట్టీ కలిపి కుట్టి ఉంటుంది. అది మా ఇంటిది. జానకు వందేళ్లంటే మా తాతలూ మేమూ కలిపి ఒక్క జానలో ఇరుక్కుపోతాం. అందుకని దానికి కొలత మార్చాడు: అంగుళానికి ఏడాది. 1900 నుంచి మొదలు. బడికి తీసుకెళ్లినప్పుడు ఈ కింది పట్టీని పైకి మడిచి పిన్నులు పెట్టేవాడు. ఇంటికొచ్చాక విప్పేవాడు.

ఏప్రిల్ మొదటివారం: విప్పడం

హాల్లో కుర్చీలు పక్కకు నెట్టి, నేల మీద పాత దుప్పటి పరిచి విప్పాం. తొందరపడలేదు. ఒక్కో మూర విప్పడం, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపడం, ఫోటో తీయడం. ఫోటోల్లో ప్రతిదానికీ ముందు ఫోటోలోని జానెడు భాగం మళ్లీ వచ్చేలా తీశాను. తర్వాత కలుపుకోవడానికి అది అవసరం. గుడ్డ పక్కన టేపు పెట్టే తీశాను. పాత గుడ్డ కాబట్టి తడపలేదు. నాన్న రాసింది ఫౌంటెన్ పెన్ సిరాతో. నీళ్లు తగిలితే కాకతీయులు కృష్ణార్పణం.

నష్టం రెండు రకాలు. అటక పలక నుంచి చెద వచ్చి బయటి చుట్టును తినేసింది. ఇక్ష్వాకులూ వాళ్ల తర్వాతి ఒక శతాబ్దమూ జల్లెడ అయ్యాయి. రెండోది స్లాబు కారిన మరక. చుట్టి ఉన్నప్పుడు ఒక్కచోటే పడింది కానీ లోపలి చుట్లలోకి దిగింది. విప్పితే అదే మరక మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. బయట అరచేయంత ఉంది, లోపలికి పోయేకొద్దీ చిన్నదవుతూ, ఒకదానికొకటి దగ్గరవుతూ, చుట్ట మధ్యలోని కర్ర దగ్గరికి వచ్చేసరికి శనగగింజంత అయింది. అక్కడి నుంచి అసలు లేదు. తమ్ముడు టేపు పెట్టి మరకల మధ్య దూరాలు కొలిచి, చుట్ట ఎంత మందం ఉండేదో లెక్క తీశాడు. ఇంజినీరు బుద్ధి. పనికి దాని అవసరమేమీ లేదు కానీ వాడి ముఖం చాన్నాళ్ల తర్వాత అంత తేటగా చూశాను.

ఇంకోటి తేలింది. జానలు సమానంగా లేవు. నాన్న స్కేలు పెట్టలేదు, చేత్తోనే కొలిచాడు. కొన్ని శతాబ్దాలు తొమ్మిదంగుళాలు, కొన్ని ఎనిమిదిన్నర. గోల్కొండ సుల్తానుల దగ్గర ఒక శతాబ్దం ఏకంగా తొమ్మిదింబావు.

పాతదాన్ని బాగుచేయడం కాదు, కొత్తది రాయడమే దారి అని తేల్చుకున్నాం. పాతది సున్నితంగా చుట్టి, నూలు గుడ్డలో కట్టి, బీరువాలో పెట్టాం. అటక మీదికి మళ్లీ పోదు.

ఏప్రిల్ రెండోవారం: గుడ్డ, గంజి, సిరా

కోరాగుడ్డ తీసుకుని ముందు రాత్రంతా నీళ్లలో నానేశాం. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకుకు కుంచించుకుంటుంది. ఏడాదికి అంగుళం చొప్పున రాశాక అలా జరిగితే అందరి ఆయుష్షూ తగ్గినట్టే. నానేసి, జాడించి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే టేపు పట్టాం. నాలుగున్నర మీటర్లకు పైగా మిగిలింది, చాలు.

రాయడానికి గుడ్డ మీద వాడే నల్ల మార్కర్ తెచ్చాను. ముక్క మీద రాసి చూస్తే అక్షరం అంచులు పాకాయి. 'క్ష' రాస్తే నల్ల చుక్క అయింది. ఇక్ష్వాకులతో మొదలయ్యే పట్టీకి ఇది కుదరదు. అమ్మ విని, పలచటి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఆ తర్వాత రాయమంది. నాన్న కూడా అలాగే రాశాడట. గంజి పోగుల సందుల్ని మూసేస్తుంది, సిరా పక్కకు పోదు. పాకడం ఆగింది. గంజి ఉంటే పురుగొస్తుంది కదా అని అడిగాను. రాత పూర్తయ్యాక వెనకవైపు నుంచి వేడి ఇస్త్రీ పెడితే మార్కర్ గట్టిపడుతుంది, అప్పుడు గంజి వదిలేలా చన్నీళ్లలో జాడించొచ్చు. ముక్క మీద అదీ చేసి చూశాం. రాత కదల్లేదు.

పాత రాతను దించడానికి మా గాజు టీపాయ్ పనికొచ్చింది. కింద ఎల్‌ఈడీ బల్బు, పైన పాత గుడ్డ, దాని మీద కొత్త గుడ్డ, గట్టి పెన్సిల్. చెద తిన్నచోట మాత్రం ఫోటోలూ అమ్మ జ్ఞాపకమూనే దిక్కు.

జానల సంగతి మీద ఇంట్లో పెద్ద చర్చే అయింది. తమ్ముడు అన్నిట్నీ తొమ్మిదంగుళాలు చేద్దామన్నాడు. నేను నాన్న చేతి కొలతే ఉంచుదామన్నాను. అమ్మ, "పిల్లగాండ్లకు దూరం తెల్వాలెనని చేసిండు గదా, సరిగ్గనే ఉండాలె" అంది. పై వరుసకు టేపు గెలిచింది.

ఏప్రిల్ చివర: పై వరుస

ఇది ఎక్కువగా రాత పనే. నాన్న ఏవి ఎంచుకున్నాడో గమనిస్తూ రాస్తే మాత్రం రాత వేగం తగ్గిపోతుంది. ఢిల్లీ చాలా తక్కువ. పానిపట్టు యుద్ధాలు మూడింటికీ కలిపి ఒకటే చుక్క. మన దగ్గరివాటికి మాత్రం బొమ్మలు: పానగల్లులో కుందూరు చోడుల గుళ్లూ ఉదయసముద్రం చెరువూ, భువనగిరి ఏకశిల, రాచకొండ, దేవరకొండ కోటగోడ. 1208 దగ్గర పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం, రేచర్ల రెడ్లది. దాని పక్కనే ఎర్ర సిరాతో "సూర్యాపేట దగ్గరిది! పాలమూరు మర్రిచెట్టు కాదు!" అని రాశాడు. ఆ ఆశ్చర్యార్థకాల వెనక కథ మాకు తెలుసు. అమ్మది పాలమూరు దిక్కు ఊరు. పెళ్లయిన కొత్తలో పిల్లలమర్రి చూపిస్తానంటే అమ్మ మర్రిచెట్టు అనుకుని ఒప్పుకుందట. గుడి చూశాక చెట్టేదని అడిగిందట. నలభై ఏళ్లు ఇద్దరూ ఆ మాట మీద పోట్లాడుకున్నారు.

ఛాయా సోమేశ్వరుడి గుడి బొమ్మలో గర్భగుడి గోడ మీద నిలువు నీడ గీసి, కింద ప్రశ్నార్థకం పెట్టాడు. పొద్దంతా కదలని ఆ నీడ మహిమ అని తను ఎన్నడూ చెప్పలేదు. పిల్లల్ని సైకిళ్ల మీద పానగల్లు తీసుకెళ్లి, ఒక్కొక్కణ్ని ఒక్కో స్తంభం దగ్గర నిలబెట్టి, "నీ స్తంభం నీడ ఎటు పోతుందిరా?" అని అడిగేవాడు. జవాబు ఎవరూ చెప్పకపోతే ఇంకో ఏడాది తీసుకెళ్లేవాడు. నేను కూడా ప్రశ్నార్థకం అలాగే దించాను.

మే: ఇంటి పట్టీ

అసలు పని ఇక్కడుంది.

ఇంటి పట్టీ మీద తారీఖులు నాన్న ఎలా పట్టుకున్నాడో మా చిన్నప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే ప్రతి పేరు కింద చిన్న అక్షరాల్లో ఆధారం రాసి ఉంది. నాయనమ్మకు ఇంగ్లిషు నెలలు రావు, సంవత్సరాల అంకెలు రావు. కాలం మాత్రం తెలుసు. ఆమె చెప్పిన మాటను ఆమె మాటల్లోనే రాసి, పక్కన తను తేల్చిన సంవత్సరం రాశాడు.

పెద్దనాయన పేరు కింద: "పోలీస్ యాక్షన్ల చంకల పిల్లగాడు, ఇంకా పాకుత లేడు." అంటే 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 మధ్య అయిదారు నెలల పసివాడు. పక్కన "1948 వేసవి, సర్వధారి" అని నాన్న రాశాడు. మేనత్త పేరు కింద: "నయాపైసలు వచ్చిన ఏడు, అణాలు చెల్లవేమోనని భయం." అది 1957. తాత తండ్రి పేరు కింద: "మూసీ పొంగినప్పుడు పెండ్లి." 1908. పొలం కింద: "రజాకార్లు పోయిన రెండేండ్లకు కౌలు కాయితం." అది 1950 కౌలుదారీ చట్టం. ఆ మాట ఒక్కటీ నమ్మి వదిలేయలేదు. 1954-55 ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) నకలు తెచ్చుకుని, తాత పేరు చూసి, సర్వే నంబరు కూడా రాసుకున్నాడు. పాత కాగితాలన్నీ ఫసలీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల్లో ఉంటాయి కాబట్టి పట్టీ అంచున సూత్రం కూడా ఉంది: ఇంగ్లిషు సంవత్సరం కావాలంటే ఫసలీకి 590 కలపాలి, నెలను బట్టి 591.

అన్నిటికంటే తమాషా తన పుట్టిన రోజు. బడి రికార్డులో 1-7-1950. ఆ కాలంలో బడిలో చేర్పించే సారు జూన్, జులైల్లో ఏదో ఒక తారీఖు వేసేసేవాడు. నాయనమ్మ మాట వేరు: "తొలి ఓట్లు పడ్డ ఏడు, ఎండలల్ల." తొలి ఓట్లంటే 1952 ఎన్నికలు, నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డ ఎన్నికలు. అంటే నాన్న పుట్టింది 1952 వేసవిలో, నందన నామ సంవత్సరం. రికార్డు ప్రకారం రెండేళ్లు పెద్దవాడు. ఆ లెక్కన యాభై ఎనిమిదికని 2008లో రిటైర్ చేశారు. నిజానికి ఆయనకప్పుడు యాభై ఆరు. సరిచేయించుకొమ్మని తోటి సార్లు అంటే, "సర్కారు శాసనం అట్లుంది, ఇంటి శాసనం ఇట్లుంది. రెండూ రాసిపెడదాం, చదివేటోడు తేల్చుకుంటడు" అనేవాడు. పట్టీ మీద అలాగే రెండు చుక్కలున్నాయి: 1950 దగ్గర బోలు చుక్క, 1952 దగ్గర నిండు చుక్క.

1969 దగ్గర "పీయూసీ. పరీక్షలు లేవు, లాఠీలున్నయి" అని ఉంది. అంత గంభీరమైన తెలంగాణ ఉద్యమానికి ఇంటి పట్టీలో ఆ ఒక్క ముక్కే. పై వరుసలో మాత్రం దానికి పెద్ద అక్షరాలు పెట్టాడు.

తమ్ముడు ఈ వివరాలన్నీ కంప్యూటర్‌లో పట్టికగా పెట్టాడు: పేరు, నాయనమ్మ మాట, నాన్న లెక్క, కాగితం ఉందా లేదా. ఎక్కువ వాటికి కాగితం లేదు. మాట ఒక్కటే ఉంది.

మే చివర: దారాలు

ఇంటి పట్టీ మీద మనుషులు గీతలు కాదు, దారాలు. రాత నాన్నది, కుట్టు అమ్మది. పుట్టిన అంగుళం దగ్గర సూది పైకొస్తుంది. అక్కడి నుంచి కాడకుట్టుతో దారం కుడివైపు నడుస్తుంది. నాన్న వైపువాళ్లు నీలం, అమ్మ వైపువాళ్లు ఎరుపు, నేనూ తమ్ముడూ రెండు పోగులు పేనిన దారం. పోయినవాళ్ల దారం ఆ ఏడు దగ్గర గుడ్డ వెనక్కి పోయి ముడిపడుతుంది. పాత గుడ్డ తిరగేస్తే వెనకంతా ముళ్లే.

దారం రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి. తడి తెల్లగుడ్డతో రుద్దితే నీలం దిగలేదు, ఎరుపు దిగింది. ఇంకో దుకాణంలో తెచ్చిన ఎరుపు నిలిచింది. ఆరు పోగుల్లో మూడు మాత్రమే వాడుతున్నాం. ఆరూ వాడితే పక్కపక్కనే ఉన్న అన్నదమ్ముల దారాలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి.

అమ్మ దారం 1958లో, నాగార్జునసాగర్‌లో మొదలు. మా తాత పాలమూరు నుంచి డ్యాం పనికి పోయినవాళ్లలో ఒకడు. రాతికట్టడం కాబట్టి మనుషులే రాయి మోశారు. అమ్మ పైలాన్ దిక్కు గుడిసెల్లో పుట్టింది. 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలినప్పుడు తనకు తొమ్మిదేళ్లు. "నెహ్రూ బిడ్డ వచ్చి నీళ్లిడిసింది, మాకు మిఠాయి ఇచ్చిండ్రు" అంటుంది. ఆ నీళ్ల కింద మునిగిన లోయే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మునగక ముందు తవ్వి తీసిన కట్టడాల్ని నాగార్జునకొండ మీదికీ, దగ్గర్లోని అనుపుకీ చేర్చారు. అందుకే నాన్న చెల్లని జోకు ఒకటి ఎప్పుడూ వేసేవాడు: "మీ అమ్మది మామూలు ఊరు కాదు, రాజధాని."

చెద తిన్న మొదటి జానలో ఏముండేదో అమ్మను అడిగితే కళ్లు మూసుకుని చెప్పింది: నాగార్జునకొండ స్తూపం, చక్రంలా లోపల గోడలుండే బొమ్మ, పక్కన ఒక పడవ. ఇక్ష్వాకులకు పడవ ఎందుకని అడిగాను. "నేను ఎక్కి పోయిన పడవ. మ్యూజియం చూపెడ్తనని తీస్కపోయిండు." చరిత్ర వరుసలో ఆయన ఇంటి బొమ్మ పెట్టింది ఆ ఒక్కచోటే. పడవ కొత్త గుడ్డ మీదికీ ఎక్కింది. నేను గీస్తే అది తెప్పలా వచ్చింది, అమ్మ ఏమీ అనలేదు.

అప్పుడే నా మనసులో ఉన్నదీ అడిగేశాను. నాన్న గుడ్డను ఎప్పుడూ కుడి కొస నుంచే ఎందుకు చుట్టేవాడు? బళ్లో విప్పేటప్పుడు ఇక్ష్వాకులు ముందు రావాలనే అని నేననుకునేదాన్ని. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "గదొకటి. ఇంగొకటి గూడ ఉన్నది బిడ్డా. పుస్తకాలల్ల దొరికేది బైటికి ఉండాలె, దొరకనిది లోపటికి ఉండాలె అన్నడు" అంది. ఇంటి పట్టీ కుడివైపే ఉంటుంది. చెద బయటే ఆగిపోయింది. మరక కర్ర దాకా రాలేదు. నాయనమ్మ మాటలన్నీ ఒక్క అక్షరం పోకుండా మాకు దక్కాయి.

జూన్: నాన్న దారం

మిగతా దారాలన్నీ నేనూ మా మరదలూ పంచుకున్నాం. నాన్నది అమ్మే కుడతానంది. చూపు ఆనడం లేదు కాబట్టి ఉదయం పూట వాకిట్లో కూర్చుని కొద్దికొద్దిగా. 1952 నిండు చుక్క నుంచి మొదలుపెట్టింది. పెళ్లి 1979లో. అక్కడి నుంచి నీలం పక్కనే బియ్యపుగింజంత ఎడంలో ఎరుపు నడుస్తుంది. పాత గుడ్డలో ఆ ఎడం ఇంకా ఎక్కువుండేది. అడిగితే అప్పుడు అత్తమ్మ చూస్తదని దూరం కుట్టిందట.

2024 దగ్గరికి వచ్చేసరికి డెబ్బై రెండు అంగుళాలు, ఆరడుగులు. మనిషి అయిదడుగుల అయిదే. తమ్ముడు ఆ మాటంటే అమ్మ నవ్వింది. సూది వెనక్కి తీసింది కానీ ముడి వేయలేదు. మిగిలిన దారాన్ని వెనకవైపు టేపుతో అంటించమంది. సంవత్సరీకం నాడు వేస్తుందట. సరేనన్నాం.

గుడ్డ 2060 దాకా ఉంది. తమ్ముడి పిల్లల దారాలు సూదులతో సహా కొసన వేలాడుతున్నాయి. చిన్నవాడు తన దారాన్ని వెంటనే 2060 దాకా కుట్టేయమని గొడవ.

జూన్ చివర

మిగిలిన పనులు: అంచులు మడిచి కుట్టడం, రెండు కొసలకూ కర్రలు, గంజి వదిలేలా ఒక జాడింపు. వడ్రంగికి వేపకర్ర చెప్పాను, చెదను కొంతైనా ఆపుతుంది. జాడింపు మాత్రం అమ్మ ముడి వేశాకే.

నిన్న నాన్న పాత విద్యార్థి ఒకాయన వచ్చాడు. దేవరకొండ దిక్కు ఇప్పుడు ఆయనా సోషల్ సారే. పై వరుస ఒక్కటి నకలు తీసుకుంటానన్నాడు, కింద ఖాళీ గుడ్డ కుట్టి పిల్లలతో వాళ్లవాళ్ల ఇంటి పట్టీలు రాయిస్తాడట. చిక్కల్లా ఒకటే, పోలీస్ యాక్షన్ ఎరిగినవాళ్లు ఊళ్లల్లో ఇక ఎందరున్నారు? పిల్లల ఇళ్లలో ఇప్పుడున్న ముసలివాళ్లకు గుర్తుండే ఏళ్లు కావాలి. కూర్చుని జాబితా వేశాం: 1967 సాగర్ నీళ్లు, 1969, 1983 జనవరిలో ఎన్టీఆర్ గెలిచి ముఖ్యమంత్రి అయిన రోజులు, 2014 జూన్ 2, నల్లగొండ మూడు జిల్లాలైన 2016 దసరా, 2020 కరోనా. ఆయన ఇంకొకటి కలిపాడు: ఫ్లోరైడ్ బోరు మానేసి ఊళ్లో కృష్ణా నీళ్లు తాగడం మొదలైన ఏడు. అది ఊరూరికీ వేరు. ఏ ఊరికి ఎప్పుడన్నది పిల్లలే ఇంట్లో అడిగి రాసుకు రావాలని, వాళ్లకు మొదటి హోంవర్క్ అదే ఇవ్వమని సారుకు చెప్పి పంపాను.